బర్నర్ కింద ఆయిల్ కారుతుంటే ముందు ఏం చేస్తారు?

బీదర్ జిల్లాలోని మా నిర్ణాలో ఇళ్లకు ఆయిల్ ఫర్నేసులు ఉండవు. ఇక్కడి చలికి కుంపటి, రెండు కంబళ్లు చాలు. కానీ ఊరు దాటి 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఒకవైపు హుమ్నాబాద్ పారిశ్రామికవాడ, మరోవైపు తెలంగాణ సరిహద్దు అవతల జహీరాబాద్, ఆపైన పటాన్‌చెరు వస్తాయి. బీదర్ దగ్గర కొల్హార్ ఉండనే ఉంది. మందుల కంపెనీలకు, రసాయనాల కంపెనీలకు ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి. కొన్నిచోట్ల బ్రికెట్లు, చక్కెర మిల్లుల్లో చెరకు పిప్పి మండిస్తారు. మిగతా చోట్ల డీజిలో ఫర్నేస్ ఆయిలో వాడతారు. విదేశాల్లో ఇంటి బేస్‌మెంట్‌లో ఉండే చిన్న ఆయిల్ బర్నర్‌కూ ఇక్కడి ఫ్యాక్టరీ బర్నర్‌కూ పని సూత్రం ఒకటే. పంపు ఆయిల్‌ను లాగుతుంది, నాజిల్ దాన్ని తుంపరగా చిమ్ముతుంది, నిప్పురవ్వ అంటిస్తుంది.

ఇలాంటి బర్నర్లు చూసుకునే పనికి ఇంటర్వ్యూకి వెళ్లేవారు ఒక ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి. బర్నర్ కింద ఆయిల్ కారుతోంది, ముందు ఏం చేస్తారు? నట్టు బిగిస్తాను అన్నవాడు హెల్పర్‌గానే ఉండిపోతాడు. బర్నర్ ఆపి, కరెంటు తీసి, ట్యాంకు దగ్గరి వాల్వు కడతాను, కింద ట్రే పెట్టి, నేల మీది ఆయిల్‌పై పొడి ఇసుక చల్లుతాను అన్నవాడితో సూపర్‌వైజర్ మాట కొనసాగిస్తాడు.

అసలు పరీక్ష ఆ తర్వాతే. ఆయిల్ పైపు వెంట జారి ఎక్కడో చుక్కగా రాలుతుంది కాబట్టి, చుక్క పడే చోటే లీకు పుట్టిన చోటు కానక్కర్లేదు. కాటన్ వేస్ట్‌తో అంతా పొడిగా తుడిచి, ఒక్కో జాయింటు కింద తెల్ల కాగితం ఆనించి చూడాలి. అన్నిటికంటే పైన తడిసిన జాయింటు మీదే మొదటి అనుమానం. బర్నర్ ఆగినప్పుడు కూడా కారుతోందా, నడిచేటప్పుడే కారుతోందా అన్నది రెండో ఆధారం. ట్యాంకు ఎత్తులో ఉండి, ఆగినప్పుడూ కారుతుంటే వాల్వు, ఫిల్టర్ గిన్నె, పంపుకొచ్చే పైపు చూడాలి. నడిచేటప్పుడే అయితే పంపు షాఫ్ట్ సీలు, నాజిల్‌కు పోయే ప్రెజర్ పైపు చూడాలి. ఇళ్లలోని చిన్న బర్నర్లలో కూడా ఆ పైపులో సాధారణంగా 100 పీఎస్ఐ, అంతకు మించిన ఒత్తిడి ఉంటుంది.

సర్వీసింగ్ అయిన మర్నాడే లీకు మొదలైందంటే తప్పు మనిషిదని అనుకోవచ్చు. పాత గాస్కెట్ మూతకే అతుక్కుని ఉండగా దానిపై కొత్తది వేసి బిగించడం, గాలి తీశాక బ్లీడ్ స్క్రూ వదులుగా వదిలేయడం తరచుగా జరిగేవే. ఫ్లేర్ జాయింటు కారుతుంటే మరలకు టెఫ్లాన్ టేపు చుట్టేవాళ్లూ ఉన్నారు. ఆ జాయింటు సీలయ్యేది మరల దగ్గర కాదు, గంటలా విచ్చుకున్న పైపు అంచు దగ్గర. ఆ అంచు పగిలితే కోసి మళ్లీ ఫ్లేర్ చేయాలి, టేపు పనికిరాదు.

ట్యాంకు బర్నర్ కంటే కింద ఉంటే కథ తిరగబడుతుంది. లాగే పైపులో లీకున్నా చుక్క కారదు, పైపు బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. పంపు కూత పెడుతుంది, మంట వణుకుతుంది. ఇది పట్టేవాడికి ఏ ప్లాంటులోనైనా విలువ ఉంటుంది.

ఒక్కటి మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది. మంట అంటుకోక బర్నర్ లాకౌట్ అయినప్పుడు రీసెట్ బటన్ పదే పదే నొక్కకూడదు. నొక్కిన ప్రతిసారీ మండని ఆయిల్ ఛాంబర్‌లో చేరి, చివరికి ఒక్కసారిగా భగ్గుమంటుంది. నీటికి బదులు నూనెను వేడి చేసే థర్మిక్ ఫ్లూయిడ్ హీటర్ల దగ్గర ప్రమాదం ఇంకో రూపంలో ఉంటుంది. కారిన వేడి నూనె పైపు మీది ఇన్సులేషన్‌లో ఇంకి, నిప్పు తగలకుండానే రాజుకోగలదు. తడిసిన ఇన్సులేషన్‌ను ఊడదీయాల్సిందే.

ఇక ఈ ఉద్యోగానికి దారి సంగతి. పది పాసైనవారు ఐటీఐలో ఫిట్టర్ కానీ, కెమికల్ ప్లాంట్ అటెండెంట్ ఆపరేటర్ కానీ తీసుకోవచ్చు. రెండూ రెండేళ్ల కోర్సులే. నా ఓటు ఫిట్టర్‌కే, ఎందుకంటే అది బాయిలర్ రూము బయట కూడా పనికొస్తుంది. తర్వాత బాయిలర్ ఉన్న కంపెనీలో అప్రెంటిస్‌షిప్ చేసి, బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ పరీక్ష రాయాలి. కర్ణాటకలో ఫ్యాక్టరీలు, బాయిలర్ల శాఖ, తెలంగాణలో బాయిలర్ల శాఖ ఈ వ్యవహారాలు చూస్తాయి. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చినా, సర్టిఫికెట్ ఉన్నవారి చేతిలోనే బాయిలర్ నడవాలన్న నియమం అలాగే ఉంది. మెకానికల్ డిప్లొమా, ఇంజినీరింగ్ చదివినవారికి పై మెట్టు బాయిలర్ ఆపరేషన్ ఇంజినీర్ పరీక్ష. థర్మాక్స్, ఫోర్బ్స్ మార్షల్ వంటి బాయిలర్ తయారీ సంస్థల సర్వీసు పనులు ఇంకో దారి. కన్నడం, తెలుగు, దక్కనీ మూడూ వచ్చిన నిర్ణా కుర్రాడికి ఆ తిరుగుడు పనిలో కలిసొస్తుంది.

ఇళ్ల ఫర్నేసుల పని కావాలంటే అమెరికా ఈశాన్య రాష్ట్రాలు, కెనడా తూర్పు తీరం, బ్రిటన్, ఐర్లండ్ వైపు చూడాలి. మన ఐటీఐ కాగితం ఒక్కటే అక్కడ చాలదు. కెనడాలో ఆయిల్ హీట్ సిస్టమ్ టెక్నీషియన్‌కు రెడ్ సీల్ పరీక్ష ఉంది, బ్రిటన్‌లో ఆఫ్టెక్ నమోదు ఉంది. పైగా అక్కడి ప్రభుత్వాలు హీట్ పంపుల వైపు జనాన్ని మళ్లిస్తున్నాయి, కాబట్టి ఆయిల్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా గ్యాస్ బర్నర్లు, కంట్రోల్ వైరింగ్ కూడా నేర్చుకోండి.

నిర్ణా, చిట్గుప్ప పరిసరాల విద్యార్థులు అడ్మిషన్లు మొదలుకాకముందే రాజ్యాంగంలోని 371(జె) అధికరణ కింద ఇచ్చే అర్హత పత్రం తీసి పెట్టుకోండి. కల్యాణ కర్ణాటక కోటా సీట్లకూ, ప్రభుత్వ ఉద్యోగాలకూ అదే ఆధారం.