నిద్రలేమికి సత్త్వావజయ చికిత్స: ఇంటి నుండియే

చరకసంహిత సూత్రస్థానమున చికిత్స మూడు విధములుగా చెప్పబడినది. జపహోమాదులతో కూడినది దైవవ్యపాశ్రయము. ఆహారౌషధములతో చేయునది యుక్తివ్యపాశ్రయము. మనస్సును అహితమైన విషయముల నుండి మరలించునది సత్త్వావజయము. మన ఇండ్లలో మొదటి రెండును బాగుగనే సాగుచున్నవి. మూడవది మాత్రము "మనసు గట్టి చేసుకో" అను ఒక్క మాటతో ముగిసిపోవును. ఎట్లు గట్టి చేసుకొనవలెనో చెప్పువారు అరుదు. దానిని నేర్పుటయే నేటి మనస్తత్వ చికిత్సకుల వృత్తి. నేను ఎనిమిది వారములు ఆన్‌లైన్‌లో ఈ చికిత్స పొందితిని గనుక దాని విధానమును పాఠకులకు వివరించెదను.

2023లో ఒక రాత్రి 2 గంటలకు మా వారికి గుండెపోటు వచ్చినది. స్టెంటు వేసిరి. ఆయన కోలుకొని, వేళకు భుజించి, హాయిగా నిద్రించుచున్నారు. నిద్ర కరవైనది నాకు. లేచి ఆయన ఛాతీ కదలుచున్నదో లేదో చూచుట, పడుకొనుట, మరల లేచుట. గేదె పాలలో చిటికెడు జాజికాయ పొడి కలిపి త్రాగితిని; అరికాళ్లకు నువ్వులనూనె మర్దించుకొంటిని. ఒళ్లు తేలికపడి కునుకు పట్టెడిది గాని, రెండు గంటలకు మెలకువ తప్పలేదు. డాక్టరుగారు రక్తపోటు, థైరాయిడ్ పరీక్షించి, దోషమేమియు లేదని, మనస్తత్వ నిపుణులను సంప్రదించుమనిరి. మా ఊరిలో అట్టివారు లేరు. హైదరాబాదు నుండి ఒకామె వీడియోలో చూచుటకు అంగీకరించిరి; వారమునకొక పర్యాయము, 50 నిమిషములు.

మొదటి దినమున ఆమె మా ఇంటి చిరునామాను, దగ్గరి బంధువు ఫోను నంబరును అడిగి వ్రాసుకొనిరి. తెర కీవల మనకు ఆపద కలిగిన ఎడల ఆమె పరుగెత్తి రాలేరు గదా! ప్రాణాపాయము తోచిననే తప్ప మన మాటలు బయటకు పోవని కూడ చెప్పిరి. నేను "ఏమి చేయమందురు?" అని మూడు మారులు అడిగితిని. ఉపదేశము చేయక, "ఆయన శ్వాసను చూడకున్న ఏమగునని మీ భయము?" అని ఆమె తిరిగి అడిగిరి. జవాబునకు చాల సేపు పట్టినది. నేను మేలుకొని ఉన్నంతవరకే ఆయనకు ఏమియు కాదను నమ్మకము నాలో ఉన్నదని నా నోటనే వచ్చినది.

అసలు పని ఆ 50 నిమిషములలో కాదు, మిగిలిన వారమంతయు నోటుపుస్తకములో జరుగును. పడుకొన్న వేళ, లేచిన వేళ, ఆయనను చూచిన పర్యాయములు వ్రాయవలెను. మొదట రాత్రికి 11 పర్యాయములు. చూడవలెననిపించినపుడు పది నిమిషములు ఆగి, భయము పెరుగుచున్నదో తగ్గుచున్నదో గమనించుమనిరి. పెరిగిన భయము దానంతట అదియే అణగుట నేను చూచితిని. నిద్ర రాకున్న పడకపై దొర్లక, లేచి వేరొక గదిలో కూర్చుండి, నిద్ర ముంచుకొని వచ్చినపుడే మరల పడకకు చేరవలెను. రాత్రి ఎట్లు గడచినను ఉదయము 5 గంటలకే లేవవలెను. పగటి నిద్ర కూడదు. గ్రీష్మమున తప్ప దివాస్వప్నమును మన వైద్యశాస్త్రమును నిషేధించినదే. పడకపై గడుపు కాలమును కుదించు పద్ధతి కూడ ఉన్నది. మూర్ఛ, ఉన్మాదము వంటి వ్యాధులు గలవారు దానిని స్వయముగా ఆచరించరాదు. మూడవ వారమున నా నిద్ర మరింత తగ్గి, మానివేయదలచితిని. ఎనిమిదవ వారమునకు 11 పర్యాయములు రెండైనవి. కొన్ని రాత్రులు ఇప్పటికిని రెండు గంటలకు మెలకువ వచ్చును. మరల నిద్ర పట్టును.

ఇంటి నుండి చేయు చికిత్సకు చిక్కు కూడ ఇల్లే. ప్రక్కగదిలో ఆయన వినుచుండగా ఆయన మరణమును గూర్చిన భయము చెప్పుటెట్లు? "ఎవరితో మాట్లాడుచున్నావు?" అని అత్తగారు తలుపు తట్టుదురు. ఆవకాయ జాడీలుంచు గదిలో కుర్చీ వేసికొని, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని, తలుపు బయట రేడియో పెట్టితిని. "ఈ గంట నాది" అని ఇంటివారితో ముందే చెప్పవలెను. కరెంటు పోయిన ఎడల ఫోనులో కొనసాగించుటకు ముందే ఒప్పుకొనవలెను. మా వారు ఆ వేళకు బజారునకు పోవుట అలవాటు చేసుకొనిరి, ఏమియు అడుగలేదు.

'కౌన్సెలర్' అని బోర్డు పెట్టుకొన్న ప్రతివారికిని తగిన శిక్షణ ఉండదు. చదువును, రిజిస్ట్రేషనును అడుగుటకు మొగమాటము వలదు. క్లినికల్ సైకాలజిస్టులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉండును. పేరు చెప్పని వారికి, మొదటనే పది సెషన్ల రుసుము కోరువారికి నేనైతే దూరముగా ఉందును. నిద్రమాత్రలు వాడుచున్నవారు వైద్యుని అడుగక మానరాదు. చనిపోవలెనను తలంపు, లేని మాటలు వినబడుట, ఆహారము మానుట వంటి లక్షణములున్నవారిని తెర ముందు కూర్చుండబెట్టక, వెంటనే మానసిక వైద్యుని యొద్దకు తీసుకొనిపోవలెను. ఎటు పోవలెనో తెలియనివారికి కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ కలదు. 14416కు రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాట్లాడుదురు.