గోపురమెక్కడ? శిఖరమెక్కడ?

బాలబాలికలారా! మొన్న తరగతిలో దేవాలయము బొమ్మ గీయుడని చెప్పితిమి. ఇంచుమించు అందరును గాలిగోపురమునే గీసిరి. లంజిపల్లి నుండి బరంపురము బజారునకు పోవుచు దినదినము చూచెడి గుడి శిఖరమును గీసినవారు లేరు. “అది ఒరియావారి గుడి కదండీ” యని ఒక విద్యార్థి యనెను. ఆ మాటయే ఈ వ్యాసమునకు కారణము.

దక్షిణదేశమున గోపురము ద్వారముపై నుండును. గర్భగృహముపై నుండునది విమానము. మధురై, శ్రీరంగములలో ద్వారగోపురములే మిన్నంటును, లోని విమానము చిన్నది. (తంజావూరు బృహదీశ్వరాలయము వేరు, అందు విమానమే ఎత్తు.) కళింగరీతిలో గర్భగృహముపైని శిఖరమే అన్నిటికంటె ఉన్నతము. దానిని రేఖాదేఉళ యందురు. దేఉళ యనగానే మన దేవళము జ్ఞప్తికి వచ్చుట లేదా? దాని ముందు భక్తులు నిలుచు మండపము జగమోహనము. దాని కప్పు మెట్లు మెట్లుగా సన్నగిలుచు పైకి పోవును, ఇది పీఢాదేఉళ. కోణార్కమున మూలశిఖరము కూలినను జగమోహనము నేటికిని నిలిచియున్నది.

శిల్పులు దేఉళను మనుష్యదేహముగా భావించిరి. నిలువుగోడ బాడ, దానిపై లోనికి వంగుచు లేచు మొండెము గండి, ఆపైన మస్తకము. మస్తకము క్రింద మెడయు కలదు, దాని పేరు బేకి. మెడపై గాడులు గాడులుగా చెక్కిన గుండ్రని పెద్దరాయి ఆమలకము, అనగా ఉసిరికాయ. పెరటిలోని ఉసిరికాయ నొకదానిని చేతబట్టి చూడుడు, ఆ పేరెందుకో తెలియును.

ఇక “ఒరియావారి గుడి” యను మాట. శ్రీకాకుళము జిల్లాలో వంశధార యొడ్డున శ్రీముఖలింగము కలదు. తూర్పు గాంగుల తొలి రాజధాని కళింగనగర మదియేయని చరిత్రకారుల అభిప్రాయము. అచ్చటి మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయములు కళింగరీతివే. సోమేశ్వరమునకు జగమోహనము లేదు. రేఖాశిఖరము ఒంటరిగా ఎట్లుండునో చూడగోరువారికి అదియే తగిన చోటు. మధుకేశ్వరాలయపు రాళ్లపై సంస్కృత శాసనములతోపాటు తెలుగు శాసనములును అనేకములు కలవు. ఆ వంశపు అనంతవర్మ చోడగంగదేవుడే 12వ శతాబ్దమున పురీ జగన్నాథాలయ నిర్మాణమును ఆరంభించెను. 1936 వరకు ముఖలింగమును బరంపురమును ఒకే గంజాము జిల్లాలో నుండెను.

వచ్చు శనివారమునకు మీ వీధి గుడి బొమ్మ గీసి తెండు. ఒక్కొక్క భాగము పేరు ఒరియాలోను తెలుగులోను వ్రాయుడు. తలిదండ్రులకు మనవి: ఆ భాగములను మీ పెద్దలు ఏ మాటలతో పిలిచెడివారో పిల్లలకు చెప్పుడు, మాకును తెలియని మాటలు వానిలో నుండవచ్చును.