గ్రీకు నగర రాజ్యములు – మన కృష్ణాతీరము

ప్రాచీన గ్రీసు అనగానే మన విద్యార్థులకు ఏథెన్సు, స్పార్టాలు పరీక్ష కొరకు కంఠస్థము చేయవలసిన పేర్లుగానే తోచును. ముందుగా ఆ నేల స్వభావమును చూడవలెనని మేము కోరుదుము. కొండలు ఒక లోయను మరొక లోయనుండి వేరుచేయగా, క్రీ.పూ. 8వ శతాబ్ది నాటికి అచట చిన్న చిన్న నగర రాజ్యములు తలయెత్తినవి. పండిన ధాన్యము చాలక జనులు ఓడలెక్కి పరతీరములలో వలసలు స్థాపించిరి. ఫినీషియనుల నుండి లిపిని గ్రహించిరి. ఏథెన్సులో సోలను (క్రీ.పూ. 594), క్లీస్తనీసు (క్రీ.పూ. 508) సంస్కరణలతో సామాన్య పౌరునికి సభలో మాట దక్కినది. స్త్రీలకు, బానిసలకు, పరదేశీయులకు మాత్రము దక్కలేదు.

మన డెల్టాలో అడ్డుకొండలు లేవు. అట్టి నగర రాజ్యములును లేవు. అయినను కృష్ణకు ఆవలి ఒడ్డున భట్టిప్రోలు స్తూపములో దొరకిన ధాతుకరండములపై, కుబీరకుడను రాజు పేరుతోపాటు నిగమ సభ్యుల పేర్లును వరుసగా చెక్కబడియున్నవి. నిగమమనగా పట్టణపు పెద్దల సంఘము. రాజున్న చోటనే సంఘమును ఉండెనన్నమాట! అచటనే ఒక స్ఫటికముపై స్త్రీలిచ్చిన దానము లిఖితమైనది. దానము వేరు, సభలో స్థానము వేరు. ఆ భేదమును మరువరాదు.

ఇక కూచిపూడికి సమీపముననున్న ఘంటసాలను చూడుడు. క్రీ.శ. 2వ శతాబ్దిలో అలెగ్జాండ్రియాయందు గ్రీకు భాషలో భూగోళము వ్రాసిన టాలెమీ, ‘కొంటకొస్సిల’ అను రేవును పేర్కొనెను. ఘంటసాల ప్రాకృత శాసనములలోని ‘కంటకసోల’ అదియేనని చరిత్రకారులు గుర్తించిరి. అచటి శాసనమొకటి శివకుడను మహానావికుని పేరు చెప్పుచున్నది.