వైద్యశాస్త్ర పరిశోధన పట్టమునకు ద్వారమేది?

పద్మనాభమునుండి మా పాఠశాలకు వచ్చు పదవ తరగతి బాలిక యొకతె, జీవశాస్త్ర పాఠము ముగిసిన పిమ్మట, "మాష్టారూ, బోదకాలు మాత్ర కనిపెట్టినవారు రోగులను చూచే డాక్టరేనా?" అని యడిగినది. ఆమె నాయనమ్మకు ఆ వ్యాధి గలదు. తండ్రి మాత్రము, ఎం.బి.బి.ఎస్. సీటు రానిచో జీవశాస్త్రము చదువుట దండుగయని తలంచి, బాలికను ఇంటర్మీడియేటునందు బై.పి.సి.లో చేర్పించుటకు వెనుకాడుచున్నారు. ఇట్టి సందేహము మరికొందరు తలిదండ్రులకును గలదని యెరిగినవారమగుటచే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

డాక్టరను మాట ఇద్దరికి చెల్లును. రోగికి చికిత్స చేయువా రొకరు. వారికి ఎం.బి.బి.ఎస్., ఆపైని ఎం.డి. లేక ఎం.ఎస్., ఇంకను పైకి పోదలచినచో డి.ఎం., ఎం.సి.హెచ్. పట్టములు గలవు. విశాఖపట్టణమున 1923లో స్థాపింపబడిన వైద్యకళాశాల ఈ త్రోవలోనిదే. వ్యాధి యేల కలుగుచున్నది, మందు దేహమున నెట్లు పనిచేయుచున్నది యని శోధించి, క్రొత్త సంగతిని ఋజువు చేసి పిహెచ్.డి. పట్టమును పొందువారు రెండవవారు. జీవరసాయనము, సూక్ష్మజీవిశాస్త్రము మొదలగు వానిలో ఈ పట్టమునకు ఎం.బి.బి.ఎస్. చదువనివారును అర్హులే. ఈ సంగతి తెలియకయే పలువురు పిల్లలు దారి మార్చుకొనుచున్నారు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారము, పిహెచ్.డి.లో చేరగోరువారు ఎం.ఎస్సీ. వంటి పట్టమునందు నూటికి 55 మార్కులకు తక్కువ గాకుండ పొందియుండవలెను. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులలో సంపన్నశ్రేణికి చెందనివారు, దివ్యాంగులు, ఆర్థికముగ బలహీనులైనవారు మున్నగువారికి 5 మార్కుల సడలింపు గలదు. నాలుగేండ్ల డిగ్రీ చదివినవారు ఎం.ఎస్సీ. లేకయే చేరవచ్చును గాని, వారికి 75 మార్కులుండవలెను. ఈ అంకెలను తేలికగా నెంచరాదు. మా పూర్వవిద్యార్థి యొకడు ఎం.ఎస్సీ.లో 54 మార్కులతో ఆగి, సడలింపునకును అర్హుడు గాక, తాను కోరిన శాఖలో దరఖాస్తు పెట్టుటకే నోచుకొనలేదు. పై చదువులో ఏ యేడును అలక్ష్యము పనికిరాదని వాడే మాతో చెప్పి చింతించెను.

మార్కులతో పని తీరదు. ప్రవేశ పరీక్షయు, ముఖాముఖియు నుండును. విశ్వవిద్యాలయము తానే పరీక్ష జరిపినచో దానికి 70, ముఖాముఖికి 30 పాళ్లు. అందు సగము ప్రశ్నలు పరిశోధనా పద్ధతిని గూర్చియు, సగము విషయమును గూర్చియు నుండును. జాతీయ పరీక్షలో ఫెలోషిప్పు గెలిచినవారిని ముఖాముఖితోనే చేర్చుకొనవచ్చును. ఈ వేతనము 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయలుగా పెంపబడినది. చేరిన పిమ్మట మూడేండ్లకు తక్కువ గాకుండ, సాధారణముగా ఆరేండ్లకు మించకుండ పని ముగింపవలెను. స్త్రీలకు మరి రెండేండ్ల గడువిత్తురు.

ఇక బాలిక ప్రశ్నకు ఉత్తరము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషనునందు రెండు పర్యాయములు తప్పి మూడవమారు గెలిచిరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి. 1922లో బోస్టను చేరినప్పుడు ఆ యోగ్యతాపత్రము వైద్యోద్యోగమునకు చాలలేదు. ఆసుపత్రిలో సేవకుని పనిచేయుచు చదివిరి. 1925లో ఫిస్కేతో గూడి దేహద్రవములలో ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1930లో హార్వర్డు విశ్వవిద్యాలయమున పిహెచ్.డి. నందిరి. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో వారి నాయకత్వమున వెలువడినదే బోదకాలునకు వాడు డైఇథైల్‌కార్బమజీన్. మన యిండ్లకు ప్రభుత్వమువారు పంచిన మాత్ర అదియే. కావున ఆ మాత్ర వెనుకనున్న పని రోగుల వరుసలో గాక, గాజుగొట్టముల నడుమ జరిగినది.

ఈ సంగతులన్నియు బాలిక తండ్రికి చెప్పితిమి. ఇంటర్మీడియేటు రెండు, డిగ్రీ మూడు, ఎం.ఎస్సీ. రెండు, ఆపైని మూడుకు తక్కువ గాదు. ఆయన వ్రేళ్లపై పదేండ్లు లెక్కించి, "ఫెలోషిప్పు వచ్చేవరకు ఏడేళ్లు నేనే చూసుకోవాలన్నమాట," అనిరి. అవునంటిమి. కొంతసేపూరకుండి, బై.పి.సి. దరఖాస్తు కాగితమును మడిచి జేబులో నుంచుకొని, సోమవారము వచ్చెదనని చెప్పి పోయిరి.