పాత మిలిటరీ జీపు డిఫరెన్షియల్ – విప్పడం, బిగించడం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మా పీజీ సబ్జెక్టు గురించి రాద్దామనుకున్నాం. కానీ పుస్తకంలో ఉన్నది మీరూ చదువుకోగలరు. మేము చేతులతో చేసి నేర్చుకున్నది ఒకటుంది. అది జీపు వెనక యాక్సిల్‌లో ఉండే డిఫరెన్షియల్. శంషాబాద్‌లో బెంగుళూరు రోడ్డు పక్కన ఒక షెడ్డులో ఇంటర్ నుంచి సెలవుల్లో, ఆదివారాల్లో పనిచేశాం. మేమంటే హాస్టల్‌లో ఒకే గదిలో పెరిగిన ఇద్దరం. మా రెండిళ్ళల్లోనూ డిగ్రీ పాసైన మొదటివాళ్ళం మేమే. పదో తరగతి వాళ్ళకు ఇందులోని లెక్క, ఐటీఐ, పాలిటెక్నిక్ వెళ్ళేవాళ్ళకు రిపేరు పద్ధతి, అందరికీ మేము చేసిన తప్పు ఉపయోగపడతాయని ఈ వ్యాసం రాస్తున్నాం.

జీపు ఎక్కడిది?

రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 1941 నుంచి 1945 వరకు ఒకే నమూనాలో ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం అయిపోయాక మిలిటరీకి అక్కర్లేనివి డిస్పోజల్ సరుకుగా బయటికి వచ్చాయి. 1940ల చివర్లో మహీంద్రా వారు మన దేశంలోనే విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. ఆ వంశం జీపులు దశాబ్దాల పాటు మన ఊళ్ళ మధ్య జనాన్ని మోశాయి. అందుకే పాత మెకానిక్కులకు ఈ యాక్సిల్ కొట్టిన పిండి.

మా షెడ్డుకు వచ్చింది యుద్ధకాలం నాటి విల్లీస్. యజమాని పాత బండ్లంటే ప్రాణం పెట్టే పెద్దమనిషి. నడుస్తుంటే వెనక నుంచి హోరు వస్తోందన్నారు. షెడ్డు యజమానిని మేము ఉస్తాద్ అని పిలుస్తాం. ఆయన మమ్మల్ని వెనక కూర్చోబెట్టుకుని పాలమాకుల వైపు బండి తోలాడు. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైన దగ్గర్నుంచి ఈ రోడ్డు మీద చెవితో పరీక్ష చేయడం కష్టమైంది. నెత్తిమీద విమానం వెళ్తుంటే ఉస్తాద్ బండి పక్కకు ఆపి, ఆ మోత పోయేదాకా కూర్చుంటాడు. తర్వాతే మళ్ళీ గేరు వేస్తాడు.

శబ్దాన్ని బట్టి రోగం తెలుస్తుంది. ఎప్పుడూ ఒకేలా హోరు వస్తే బేరింగులు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఇంకో రకంగా ఏడిస్తే క్రౌన్, పినియన్. మలుపులో మాత్రమే టక్ టక్ మంటే లోపలి చిన్న గేర్లు. కదలగానే ఒక్క దెబ్బ కొడితే గేర్ల మధ్య వదులు, లేదా ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింటు. మా జీపుది మొదటి రకం. సైడ్ బేరింగులు అరిగాయని ఉస్తాద్ తేల్చాడు.

డిఫరెన్షియల్ ఎందుకు?

మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడవాలి. ఎంత తేడా? జీపు రెండు చక్రాల మధ్య వెడల్పు 49 అంగుళాలు, అంటే సుమారు 1.24 మీటర్లు. 90 డిగ్రీల మలుపులో లోపలి చక్రం నడిచే దూరం 1.57 × వ్యాసార్ధం. బయటి చక్రానికి వ్యాసార్ధం 1.24 మీటర్లు ఎక్కువ. తేడా తీస్తే వ్యాసార్ధం కొట్టుకుపోతుంది. మిగిలేది 1.57 × 1.24, అంటే సుమారు 1.95 మీటర్లు. మలుపు ఇరుకైనా, విశాలమైనా తేడా అంతే! జీపు టైరు ఒక చుట్టుకు దాదాపు రెండుంపావు మీటర్లు నడుస్తుంది. అంటే ఒక్క మలుపులో బయటి చక్రం ముప్పాతిక చుట్టుకు పైనే అదనంగా తిరగాలి. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటే టైరు రోడ్డుకు రాసుకుపోతుంది, లేదా షాఫ్ట్ విరుగుతుంది.

దీనికి ఉపాయమే డిఫరెన్షియల్. ఇంజను బలం ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా వచ్చి పినియన్‌ను తిప్పుతుంది. పినియన్‌కు 8 పళ్ళు, అది తిప్పే క్రౌన్ వీల్‌కు 39 పళ్ళు. 39ని 8తో భాగిస్తే దాదాపు 4.88. షాఫ్ట్ అన్ని చుట్లు తిరిగితే క్రౌన్ ఒక చుట్టు. క్రౌన్‌కు బిగించిన పెట్టెలో రెండు స్టార్ పినియన్లు, రెండు సన్ గేర్లు ఉంటాయి. ఒక్కో సన్ గేరు ఒక్కో చక్రానిది. సూత్రం ఒక్కటే గుర్తుపెట్టుకోండి: రెండు చక్రాల వేగాల సగటు క్రౌన్ వేగానికి సమానం. క్రౌన్ 100 చుట్లు తిరిగితే, తిన్నగా పోయేటప్పుడు 100, 100. మలుపులో 90, 110. ఒక చక్రం గట్టి నేల మీద ఆగిపోయి, ఇంకోటి బురదలో ఉంటే 0, 200. బురదలో ఒక్క చక్రమే గిర్రున తిరగడం మీరంతా చూసే ఉంటారు. డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ బలం సమానంగా పంచుతుంది. జారే చక్రం ఎంత తక్కువ బలం తీసుకుంటే, రెండోదానికీ అంతే అందుతుంది.

మన నెత్తి మీద తిరిగే విమానాలకు ఈ గొడవ లేదు. నేల మీద కూడా విమానాన్ని ముందుకు తోసేది ఇంజను గాలే, చక్రాలు కాదు. ఏ చక్రానికా చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది.

విప్పే పద్ధతి

1. ముందు నాలుగు చక్రాలకూ గుట్టలు పెట్టాలి. ఈ జీపులో హ్యాండ్ బ్రేకు పట్టుకునేది చక్రాలను కాదు, ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను. యాక్సిల్ షాఫ్టులు తీశాక అది వెనక చక్రాలను ఆపలేదు. ఒక్క చక్రాన్ని జాకీతో లేపినా ప్రమాదమే. షాఫ్ట్ ఆగి ఉన్నా, డిఫరెన్షియల్ వల్ల ఒక చక్రం ముందుకు, ఒకటి వెనక్కి తిరగగలవు. బండి జాకీ మీంచి దొర్లిపోతుంది. బండి కిందికి దూరేటప్పుడు జాకీని నమ్మకూడదు, స్టాండ్లు ఉండాలి.

2. హౌసింగ్ బయట మట్టి కడిగి గేరాయిల్ దించాలి. నూనెలో అయస్కాంతం తిప్పితే బూడిదరంగు ముద్ద అంటుకోవడం మామూలే. పెళ్ళలు, పంటి ముక్కలు వస్తే జబ్బు ముదిరినట్టు.

3. చక్రం మధ్య ఉన్న ఫ్లాంజి బోల్టులు విప్పితే యాక్సిల్ షాఫ్ట్ బయటికి వస్తుంది. దీనికి చక్రం ఊడదీయక్కర్లేదు, బండి బరువును హౌసింగే మోస్తుంది. రెండు షాఫ్టులూ తీసి, వెనక మూత తెరవాలి.

4. ఏదీ విప్పకముందే డయల్ గేజితో క్రౌన్ వదులు కొలిచి రాసుకోవాలి.

5. బేరింగ్ క్యాపులు రెండింటికీ, అవి కూర్చునే హౌసింగ్‌కూ పంచితో గుర్తులు కొట్టాలి. ఎడమకు ఒక చుక్క, కుడికి రెండు. కొన్నింటి మీద ఫ్యాక్టరీ గుర్తులుంటాయి గానీ తుప్పులో కనపడవు. ఎందుకింత పట్టుదల అంటే, క్యాపులను హౌసింగ్‌కు బిగించి ఉంచే ఆ రంధ్రాన్ని కోస్తారు. ఏ క్యాపు స్థానం దానిదే. తారుమారైతే బేరింగ్ నలుగుతుంది.

6. రెండు కర్రలతో మెల్లగా లేపి డిఫరెన్షియల్ బయటికి తీయాలి. బేరింగుల కింద పలచని రేకు షిమ్ములుంటాయి. ఎడమవి ఎడమగా, కుడివి కుడిగా తీగకు గుచ్చి పెట్టుకోవాలి.

మేము చేసిన తప్పు

అయిదో పనే మేము చేయలేదు. ఆ రోజు ఉస్తాద్ బేరింగుల కోసం కాటేదాన్ వెళ్ళాడు. యజమాని కుర్చీ వేసుకుని కూర్చున్నారు. “డిగ్రీ చదివే పిల్లలు, వీళ్ళకు వేరే చెప్పాలా” అన్నారు. ఆ మాటకు పొంగిపోయి గబగబా విప్పేశాం. క్యాపులు రెండూ కిరోసిన్ తట్టలో పడేశాకగానీ గుర్తులు కొట్టలేదని తట్టలేదు. మర్నాడు బిగించేటప్పుడు ఊహించి పెట్టాం. ఉస్తాద్ వచ్చి, “నిషాన్ చూసి పెట్టిండ్రా బేటా?” అని అడిగాడు. యజమాని ఎదురుగానే ఉన్నారు. “చూసినం ఉస్తాద్” అన్నాం.

మూడో రోజు జీపు తాడు కట్టుకుని తిరిగొచ్చింది. హౌసింగ్ మీద చెయ్యి పెట్టలేకపోయాం, అంత వేడి. బేరింగ్ పగిలి ఆ ముక్కలు గేర్ల మధ్య పడ్డాయి. క్రౌన్, పినియన్ రెండింటి పళ్ళూ చెడిపోయాయి. అప్పుడు నిజం చెప్పాం. ఉస్తాద్ కొట్టలేదు, తిట్టలేదు. “తెల్వదంటే పది నిమిషాలు పోతుండె. ఖాళీ క్యాపులు బిగించి చూస్తే ఏది ఎక్కడిదో దొరుకుతుండె” అన్నాడు. కొత్త జత కోసం మూడు వారాలు తిరిగాడు. డబ్బు తనే పెట్టుకున్నాడు. మా కూలీలో రూపాయి కోయలేదు. ఆ శనివారం కూలీ తీసుకోవడానికి మాకు చెయ్యి రాలేదు.

తిరిగి బిగించే పద్ధతి

క్రౌన్, పినియన్ ఎప్పుడూ జతగానే మార్చాలి. అవి కలిసి అరగదీసిన గేర్లు, ఒకటి పాతది, ఒకటి కొత్తది కలవవు. బిగింపులో మూడు కొలతలు కుదరాలి.

మొదటిది పినియన్ లోతు. పినియన్ లోపలి బేరింగ్ వెనక షిమ్ము కలిపితే పినియన్ క్రౌన్ వైపు జరుగుతుంది, తీస్తే వెనక్కి పోతుంది. రెండోది పినియన్ బేరింగుల బిగువు. చేత్తో తిప్పితే కాస్త బరువుగా తిరగాలి, పట్టేయకూడదు, ఊగకూడదు. మూడోది క్రౌన్ వదులు. ఇది అంగుళంలో వెయ్యో వంతులు 5 నుంచి 7 ఉండాలి, అంటే సుమారు 0.13 నుంచి 0.18 మిల్లీమీటర్లు. ఎక్కువైతే ఒక పక్క షిమ్ము తీసి రెండో పక్క వేసి క్రౌన్‌ను పినియన్ దగ్గరికి జరపాలి. తక్కువైతే దూరం జరపాలి.

ఇవన్నీ కుదిరాయో లేదో పళ్ళే చెబుతాయి. సింధూరాన్ని నూనెలో కలిపి క్రౌన్ పళ్ళకు పూసి, కాస్త ఒత్తిడి పెట్టి తిప్పాలి. పంటి నడుమ మచ్చ పడితే సరిగ్గా ఉన్నట్టు. మచ్చ పంటి కొన దగ్గర పడితే పినియన్ దూరంగా ఉంది, షిమ్ము కలపాలి. పంటి మొదట్లో పడితే లోతుకు పోయింది, షిమ్ము తీయాలి. ఈ సింధూరంలో సీసం ఉంటుంది, అన్నం ముట్టే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

చివరగా కొత్త ప్యాకింగు పెట్టి మూత బిగించి, హైపాయిడ్ గేర్లకు వాడే 90 నంబరు గేరాయిల్‌ను పక్క రంధ్రం మట్టం దాకా పోయాలి. హౌసింగ్ మీద గాలి పోయే చిన్న రంధ్రం శుభ్రం చేయడం మరవకూడదు. అది మూసుకుపోతే లోపల వేడిగాలి నూనెను సీళ్ళ గుండా బ్రేకుల మీదికి తోస్తుంది.

మాకు ఆ సింధూరం మచ్చ నడిమికి రావడానికి ఐదుసార్లు విప్పి బిగించాల్సి వచ్చింది. ప్రతిసారీ ఉస్తాద్‌ను అడిగే చేశాం. సాయంత్రం పాలమాకుల దాకా వెళ్ళాం. దారిలో ఒక విమానం దిగింది. బండి ఆపి, అది పోయాక మళ్ళీ కదిలించి విన్నాం. టైర్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన ఇళ్ళల్లో అడిగి తెలుసుకోవడానికి చదువుకున్నవాళ్ళు లేరు. అందుకే నలుగురిలో “నాకు తెలియదు” అనడానికి మనకు మిగతావాళ్ళకంటే ఎక్కువ సిగ్గు. చులకనైపోతామని భయం. ఆ సిగ్గు వల్ల మా పొరపాటుకు ఇంకొకరు డబ్బు కట్టారు. ట్యూషన్లోగాని, కాలేజీలోగాని, రేపు ఉద్యోగంలోగాని అర్థం కానిచోట ఆపి అడగండి.

మీరే చేయండి

1. శంషాబాద్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు లూపులో జీపు 270 డిగ్రీలు తిరిగితే, బయటి చక్రం ఎంత ఎక్కువ దూరం నడుస్తుంది?
2. క్రౌన్ 100 చుట్లు తిరిగేటప్పుడు ఒక చక్రం 70 తిరిగితే, రెండోది ఎన్ని?
3. వెనక రెండు చక్రాలూ గాలిలోకి లేపి, ప్రొపెల్లర్ షాఫ్ట్ కదలకుండా పట్టి, ఎడమ చక్రాన్ని ముందుకు తిప్పితే కుడిది ఎటు తిరుగుతుంది? ఎందుకు?

జవాబులు వార్షికోత్సవం రోజు మాకు చెప్పండి. రాకపోతే రాలేదనే చెప్పండి, కలిసి కూర్చుని చేద్దాం.