నాలుగు దెబ్బల లూపు, ఏడక్షరాల తాళం

లూపు అనగానే మనలో చాలామందికి ఫర్ లూపు, వైల్ లూపు గుర్తుకొస్తాయి. సంగీతం సాఫ్ట్‌వేర్లలో లూపు కూడా అలాంటిదే. రెండు మూడు సెకన్ల వాయిద్యం ముక్క, చివరికి రాగానే మళ్ళీ మొదటికి వెళ్ళి మోగుతుంది. శాంపిల్ వేరు. అది ఒకే ఒక్క దెబ్బ: మృదంగం మీద ఒక "తోం", డప్పు మీద ఒక చిర్ర దెబ్బ. లూపు ఎవరో రాసి, కంపైల్ చేసి ఇచ్చిన ప్రోగ్రాం అనుకుంటే, శాంపిళ్ళు లైబ్రరీలో ఫంక్షన్లు. మన తాళాలకి ఈ రెండిట్లో ఏది పనికొస్తుందో, దాన్ని ఎలా వాడుకోవాలో ఈసారి చూద్దాం.

నేనుండేది సింగపూర్‌లో, జురాంగ్ వెస్ట్‌లో. ఇక్కడి హెచ్‌డీబీ ఫ్లాట్లలో గోడకి అటూ ఇటూ మనుషులే. ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని కూర్చునేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఆ వేళప్పుడు డప్పు కాచి వాయిస్తానంటే పక్కింటివాళ్ళు ఊరుకుంటారా? కాబట్టి నా వాద్యబృందమంతా లాప్‌టాప్‌లోనే, హెడ్‌ఫోన్లలోనే. మీలో చాలామంది పరిస్థితీ ఇదే అయ్యుంటుంది.

అసలు చిక్కు ఎక్కడుంది?

1983లో మిడి ప్రమాణం వచ్చింది. 1991లో వచ్చిన జనరల్ మిడి, ఏ అంకెకి ఏ వాయిద్యం మోగాలో పట్టిక వేసి పెట్టింది. ఆ 128 వాయిద్యాల పట్టికలో 105వది సితార్, 112వది షెహనాయి. తాళవాద్యాల పట్టిక విడిగా ఉంది, అందులో 47 శబ్దాలు. బోంగో, కోంగా, క్యుయికా అన్నీ ఉన్నాయి. మృదంగం లేదు, తబలా లేదు, డప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. 1998లో సోనిక్ ఫౌండ్రీ వారి యాసిడ్ వచ్చాక, లూపుని శ్రుతి మారకుండా సాగదీయడం, కుదించడం మామూలు వినియోగదారుడి చేతికి వచ్చింది. ఆ తర్వాత మన వాయిద్యాల లూపులు కూడా అమ్మకానికి వచ్చాయి. అయితే వాటిలో ఎక్కువభాగం నాలుగు బీట్ల చట్రంలో కోసినవే.

మా బ్లాకులోనే ఉండే ఒక మిత్రుడి కూతురు కూచిపూడి నేర్చుకుంటోంది. ఇంట్లో సాధనకని వాళ్ళ నాన్న ఒక మృదంగం లూపు కొన్నాడు. పాప చేస్తున్నది మిశ్రచాపు, అంటే ఆవర్తానికి ఏడక్షరాలు. లూపులో ఉన్నవి ఎనిమిది. రెండో ఆవర్తం మొదలుపెట్టేసరికే పాప అడుగు ఒకచోట, మృదంగం మరోచోట. రెండూ మళ్ళీ సమంలో కలవాలంటే 56 అక్షరాలు ఆగాలి! (ఏడుకీ ఎనిమిదికీ క.సా.గు. అదే కదా.) పోనీ ఎనిమిదిని ఏడులో కుదిద్దామా అంటే, దెబ్బలు పడాల్సిన చోట పడవు. పాప తన తాళం తప్పేమో అనుకుని అడుగు మార్చుకోబోయింది. నాకు భయం వేసింది అక్కడే. పెద్దవాళ్ళం మనం సర్దుకుంటాం, కానీ పిల్లల చెవి ఏ లెక్కకి అలవాటుపడితే అదే లయ అనుకుంటుంది.

శాంపిళ్ళతో మనమే కడదాం

మొదటి పని గడులు గీయడం. ప్రాజెక్టుని 7/8కి మార్చండి. టెంపో 90 పెడితే ఒక బీటు 667 మిల్లీసెకన్లు. అందులో సగం, 333 మిల్లీసెకన్లు, మనకి ఒక అక్షరం. ఆవర్తం మొత్తం 2,333 మిల్లీసెకన్లు. ఇప్పుడు 3+2+2గా దెబ్బలు పేర్చండి: "తకిట తక ధిమి". ఖండచాపుకైతే 5/8 పెట్టి 2+3గా పేర్చాలి.

రెండో పని శ్రుతి. డ్రమ్స్ శాంపిల్‌కి శ్రుతి పట్టింపు తక్కువ, మృదంగానికి అలా కుదరదు. కుడి మూత మధ్య ఉండే నల్లటి పూత వల్ల దాని అనుస్వరాలు తీగ వాయిద్యాల్లోలాగా వరస నిష్పత్తిలో పలుకుతాయని సి.వి. రామన్ 1920లోనే నేచర్ పత్రికలో చూపించారు. అందుకే మృదంగం శ్రుతి పాడేవారి శ్రుతితో కలవాలి. సాఫ్ట్‌వేర్లో ఒకటి రెండు అర్ధస్వరాలు జరిపితే ఫరవాలేదు. అంతకు మించితే తోలు ప్లాస్టిక్‌లా వినిపిస్తుంది. ఇక్కడ ఆదుకునేది 2013లో వచ్చిన మృదంగం దెబ్బల సంగ్రహం. అందులో 10 రకాల దెబ్బలు, 6 శ్రుతుల్లో, మొత్తం 7,162 శాంపిళ్ళు ఉన్నాయి. పరిశోధన కోసం చేసినదే అయినా మనకీ పనికొస్తుంది. దించుకునేముందు లైసెన్సు చదవడం మరవకండి.

మూడోది చెయ్యి. ఒకే "తోం"ని వందసార్లు మోగిస్తే చెవి వెంటనే పట్టేస్తుంది. ప్రతి దెబ్బకీ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడు స్థాయిలు, ఒక్కో స్థాయికి మూడు శాంపిళ్ళు పెట్టుకుని వంతులవారీగా మోగించండి. పది దెబ్బలకి 90 ఫైళ్ళు అవుతాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం పని. మీరే రికార్డు చేస్తుంటే అన్నిటినీ ఒకే ఎత్తుకి నార్మలైజ్ చేయకండి. మెల్లటి దెబ్బ మెల్లగానే ఉండాలి.

డప్పుకి ఇంకో జాగ్రత్త. కాచిన వెంటనే మోగే డప్పు వేరు, చల్లారాక మోగేది వేరు. సింగపూర్ గాలిలో తేమకి తోలు మరీ తొందరగా మెత్తబడుతుంది. అందుకని కాచిన వెంటనే అన్ని దెబ్బలూ ఒకే విడతలో రికార్డు చేయండి. చిర్ర, సిటికెన పుల్ల దెబ్బల్ని విడివిడి ఫైళ్ళుగా ఉంచుకోండి.

చివరిది ముక్తాయింపు. ఒకే ఆవర్తాన్ని కాపీ చేసుకుంటూ పోతే మళ్ళీ లూపే అవుతుంది. ఎనిమిది ఆవర్తాలు విడిగా రాసి, చివరి రెండిట్లో ముక్తాయింపు వేయండి. రెండు ఆవర్తాలకి 14 అక్షరాలు. "తకధిమి" మూడుసార్లు, మధ్యలో ఒక్కో అక్షరం విరామం: 4+1+4+1+4. పధ్నాలుగూ సరిపోయాయి, తర్వాతి దెబ్బ సరిగ్గా సమం మీద పడుతుంది. చేత్తో తాళం వేసుకుని ఒకసారి చూసుకోండి.

ఇలా కట్టిన ట్రాకుతో మిత్రుడి కూతురు ఇప్పుడు సాధన చేస్తోంది, అడుగు తడబడటం లేదు. అయినా ఇది సాధన వరకే. పాడేవారు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, నర్తకి ఎక్కడ ఒక్క క్షణం నిలుస్తుందో చూసి వాయించే విద్వాంసుడి పని ఏ శాంపిలరూ చేయలేదు. 1949లో మొదలైన సింగపూర్ ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో మృదంగం నేర్పుతారు. మీ ఊళ్ళోనూ నేర్చుకున్నవారు, నేర్పేవారు ఉంటారు. వేదిక మీదకి వాళ్ళని పిలవండి. శాంపిళ్ళ కోసం ఎవరిచేతనైనా వాయిస్తే, వాటిని ఎక్కడెక్కడ వాడతారో ముందే కాగితం మీద రాసివ్వండి, డబ్బివ్వండి, పేరు వేయండి. మన హార్డ్ డిస్కులో ఉన్న ప్రతి దెబ్బా ఎవరో ఒకరి చేతి సాధనే కదా!