డిగ్రీకి ముందు దాఖలా

ముంబయి విశ్వవిద్యాలయానికి 2021లో న్యాక్ మదింపులో ఎ++ గ్రేడు వచ్చింది, 4 పాయింట్లకు 3.65. 1857లో పుట్టిన సంస్థకు అది గర్వకారణమే. కానీ కామాఠీపురా గల్లీల్లోనో, వర్లీ బీడీడీ చాల్‌లోనో పన్నెండో తరగతి చదువుతున్న తెలుగు విద్యార్థికి దానివల్ల ఒరిగేదేమిటి? గ్రేడు చూసి చదువు ఎంచుకోవడం ఎటు వెళ్లినా ఫీజు కట్టగలిగినవాళ్ల పద్ధతి. ఒక్క గదిలో కాపురముండే ఇంటికి ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఇచ్చేవి వేరు: తక్కువ ఫీజు, ఉపకారవేతనం, పని మానకుండా చదువుకునే వీలు. వీటిలో మొదటి రెండూ చాలావరకు కాగితాలతో ముడిపడినవే. అందుకే ఇక్కడి పిల్లల కెరీర్ ప్రణాళిక కోర్సు ఎంపికతో కాక దాఖలాతో, అంటే కుల ధ్రువపత్రంతో, మొదలు కావాలి. అదీ పన్నెండో తరగతి ఫలితాల తర్వాత కాదు, ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో.

ఇంత ముందే ఎందుకంటే, మహారాష్ట్రలో కుల ధ్రువపత్రానికి కులం ఒక్కటే చాలదు, తేదీ కూడా కావాలి. కుటుంబం ఈ రాష్ట్రంలో ఎస్సీలైతే 1950 ఆగస్టు 10 నాటికి, ఎస్టీలైతే 1950 సెప్టెంబరు 6 నాటికి, ఓబీసీలైతే 1967 అక్టోబరు 13 నాటికి ఉన్నట్టు రుజువు చూపాలి. ఆంధ్ర నుంచి చిన్నతనంలోనే ముంబయి వచ్చిన ఒక గిరిజన విద్యార్థి మెడికల్ సీటు కోసం వేసిన కేసులో, సొంత రాష్ట్రపు హోదా వలస వచ్చిన రాష్ట్రంలో చెల్లదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. కులం పేరు ఒకటే అయినా జాబితా మారిపోతుంది. తెలంగాణలో బీసీ-బి అయిన పద్మశాలి మహారాష్ట్రలో ప్రత్యేక వెనుకబడిన తరగతి, అంటే ఎస్‌బీసీ. ఊళ్లో బంధువులు చెప్పిన వర్గాన్ని ఇక్కడి ఫారంలో రాస్తే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

ఈ నిబంధన వలసకూలీకి అన్యాయమన్న వాదనలో బలం ఉంది. అయితే కామాఠీపురాకు వచ్చేసరికి అదే నిబంధన అనుకూలంగా తిరుగుతుంది. నగరాన్ని కట్టడానికి వచ్చిన తెలుగు కూలీలైన కామాఠీల పేరే ఈ పేటకు వచ్చింది. 1873లో జోతీరావు ఫూలే సత్యశోధక సమాజాన్ని స్థాపించాక, ముంబయిలో ఆయన వెంట నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకు బాలాజీ కాలేవార్, జాయా కరాడీ లింగు వంటి తెలుగువాళ్లున్నారు. తమ వర్గానికి పెట్టిన తేదీకి ముందే ఇక్కడ స్థిరపడిన కుటుంబాలకు కావలసింది కొత్త హక్కు కాదు, పాత రుజువు: తాతగారి స్కూలు లీవింగ్ సర్టిఫికెట్, ఆనాటి అద్దె (భాడా) రసీదు, మునిసిపాలిటీ జనన నమోదు. ఆ తర్వాత వచ్చిన కుటుంబాలూ చేతులు ముడుచుకోనక్కర్లేదు. తండ్రి సొంత రాష్ట్రపు ధ్రువపత్రం ఆధారంగా ఎస్సీ, ఎస్టీ హోదా రైల్వే, ప్రభుత్వ రంగ బ్యాంకుల వంటి కేంద్ర నియామకాల్లో పనికొస్తుంది.

కాగితం చేతికొస్తే దక్కేది చిన్నదేమీ కాదు. ఏడాదికి 2.5 లక్షల రూపాయల లోపు ఆదాయమున్న ఎస్సీ, ఎస్టీ కుటుంబాల పిల్లలకు కేంద్ర పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనం ఉంది. దానికి రాష్ట్ర ప్రభుత్వ మహాడీబీటీ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. 2024-25 నుంచి 8 లక్షల లోపు ఆదాయమున్న ఓబీసీ, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల అమ్మాయిలకు వృత్తివిద్యా కోర్సుల్లో ట్యూషన్, పరీక్ష ఫీజులు మాఫీ. ఇది ప్రభుత్వ కేంద్రీకృత ప్రవేశాల ద్వారా సీటు పొందినవారికే. తొందరపడి మేనేజ్‌మెంట్ సీటు తీసుకుంటే ఈ మేలు పోతుంది. ప్రతిభ ఉంటే చాలు, డబ్బు అదే వస్తుందనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పరేల్ చాల్‌లో ఉంటూ 1912లో ఇదే విశ్వవిద్యాలయంలో బీఏ పాసైన అంబేద్కర్‌కు కూడా బరోడా మహారాజు నెలకిచ్చిన 25 రూపాయలు అవసరమయ్యాయి.

పగలు పనికి వెళ్లకపోతే ఇల్లు గడవనివాళ్ల సంగతి? 1971 నుంచి విశ్వవిద్యాలయానికి దూరవిద్యా విభాగం ఉంది. దూరవిద్య పట్టాకు విలువ లేదన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది గానీ, గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చే దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని 2022లో యూజీసీ స్పష్టం చేసింది. ఇక డిగ్రీలతో ఉద్యోగాలు ఎక్కడొస్తున్నాయన్నది అన్నింటికన్నా గట్టి అభ్యంతరం. నిజమే, ఉత్త డిగ్రీతో రావు. కానీ చాల్ పిల్లలకు విశ్వవిద్యాలయం నేర్పని సొత్తు ఒకటుంది: ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో మరాఠీ. స్టేట్ బ్యాంకు క్లర్కు పోస్టుకు స్థానిక భాష రావాలి. పదిలోనో పన్నెండులోనో ఆ భాష చదివినట్టు చూపితే విడిగా భాషా పరీక్ష రాయనక్కర్లేదు. బడిలో మరాఠీని పాసు మార్కుల సబ్జెక్టుగా చూసే పిల్లలు ఇక్కడే నష్టపోతున్నారు. పట్టా అర్హతను ఇస్తుంది, భాష అభ్యర్థిని గుంపులోంచి వేరు చేస్తుంది. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటూ లక్షలు అడిగే చోట్ల ఈ రెండోది దొరకదు.

వ్యవస్థ ఇంత మెలికగా ఉండటం విద్యార్థి తప్పు కాదు. దాన్ని సరళం చేయమని అడగాల్సిందే; ఈలోగా పిల్లల ఏళ్లు మాత్రం ఆగవు. ఇప్పుడు తొందరకు ఇంకో కారణమూ ఉంది. వర్లీ బీడీడీ చాళ్ల స్థానంలో టవర్లు లేస్తున్నాయి. కామాఠీపురాలో దాదాపు 34 ఎకరాల పునర్నిర్మాణానికి రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా సిద్ధమవుతోంది. గది ఖాళీ చేసే రోజున అటక మీది ఇనప్పెట్టెలో చెదలు పట్టిన కాగితాల కట్ట కనిపిస్తే చెత్త అనుకోకండి. తాత కట్టిన అద్దెకు ఇచ్చిన రసీదే మనవరాలి ఫీజును మాఫీ చేయించవచ్చు.